ఎలక్ట్రిక్ గూడ్స్ బండి అబిడ్స్‌లో.. సర్వీస్ సెంటర్ ఊరి చివర! వారంటీ ఉన్నా జేబుకు చిల్లు ఎందుకు పడుతోంది?

రోడ్ ట్యాక్స్ లేదు.. రిజిస్ట్రేషన్ ఫీజు లేదు.. డీజిల్ ఖర్చు అసలే లేదు. పైగా బ్యాటరీకి ఏళ్ల తరబడి వారంటీ. ఎలక్ట్రిక్ గూడ్స్ బండి కొనేటప్పుడు వినిపించే మాటలివి. అన్నీ నిజాలే. కానీ బండి నడిరోడ్డు మీద ఆగిపోయిన రోజున ఇంకో లెక్క మొదలవుతుంది. షోరూమ్‌లో ఎవరూ చెప్పని ఆ లెక్కేంటి? చట్టం ఎవరి వైపు ఉంది? వివరంగా చూద్దాం.

ఈ గల్లీలకు చిన్న బండే దిక్కు

బేగంబజార్ నుంచి అబిడ్స్‌కు, ట్రూప్ బజార్ నుంచి నాంపల్లికి, మొజంజాహి మార్కెట్ నుంచి కోఠికి.. పొద్దున్నుంచి రాత్రి వరకు సరుకు కదులుతూనే ఉంటుంది. బట్టల బేళ్లు, శానిటరీ సామాను, ఎలక్ట్రికల్ వైర్లు, కిరాణా బస్తాలు.. అన్నీ చిన్న గూడ్స్ బండ్ల మీదే. సిటీలో పగటిపూట భారీ లారీలకు ఆంక్షలున్నాయి. ఒకవేళ వదిలినా చిరాగ్ అలీ లేన్ లాంటి చోట్ల పెద్ద లారీ తిరగడం కష్టం.

ఈ పనికి ఎలక్ట్రిక్ బండి సరిగ్గా సరిపోతుంది. తిరిగేది తక్కువ దూరం. ఆగి ఆగి వెళ్లాలి. రాత్రికి బండి ఇంటికి చేరుతుంది కాబట్టి చార్జింగ్‌కు టైమ్ దొరుకుతుంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు డీజిల్ బండిలా ఇంజిన్ తిరుగుతూ ఇంధనం తాగదు. 2022లో టాటా ఏస్ ఈవీ, మహీంద్రా జోర్ గ్రాండ్ లాంటి మోడళ్లు వచ్చాక చిన్న ఓనర్ల చూపు ఇటు మళ్లడానికి కారణం ఇదే.

ప్రభుత్వాలు కూడా గట్టిగానే ప్రోత్సహిస్తున్నాయి. ఎలక్ట్రిక్ రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి కొత్త ఈవీ పాలసీని అమల్లోకి తెచ్చింది. తేలికపాటి గూడ్స్ వాహనాలు, మూడు చక్రాల గూడ్స్ బండ్లు సహా ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజులో 100 శాతం మినహాయింపు ఇచ్చింది. తయారీ వైపు చూసినా ఇదే జోరు. జహీరాబాద్‌లో ఎలక్ట్రిక్ వాహనాల తయారీకి 1,000 కోట్ల రూపాయల పెట్టుబడి పెడతామని మహీంద్రా 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

అమ్మకానికి ప్రోత్సాహం ఉంది. తయారీకి పెట్టుబడి ఉంది. మరి రిపేరు సంగతి?

బండి ఆగితే ఏం జరుగుతుంది?

డీజిల్ బండి మొరాయిస్తే డ్రైవర్‌కు తెలిసిన మెకానిక్ ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్ చేస్తే టూల్ కిట్ పట్టుకుని వస్తాడు. పెద్ద పనైతే ఆటోనగర్ ఉండనే ఉంది. స్పేర్ పార్టులు అఫ్జల్‌గంజ్ వైపు దొరుకుతాయి. ఈ ఏర్పాటు ఒక్క రోజులో రాలేదు. కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఎలక్ట్రిక్ బండికి ఆ ఏర్పాటు ఇంకా రాలేదు. డిస్‌ప్లే మీద ఎర్ర లైటు, పక్కన ఒక ఎర్రర్ కోడ్. అంతే. బ్యాటరీ ప్యాక్, దాన్ని కాపలా కాసే బీఎంఎస్, మోటార్, మోటార్ కంట్రోలర్, ఆన్‌బోర్డ్ చార్జర్, డీసీ-డీసీ కన్వర్టర్.. వీటిలో తప్పు ఎక్కడుందో చెప్పాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ బండికి తగిలించాలి. అది కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లోనే ఉంటుంది.

ఒక్కోసారి కారణం చాలా చిన్నదే కావచ్చు. ఎలక్ట్రిక్ బండిలోనూ లైట్లు, డిస్‌ప్లే, కంట్రోల్ సర్క్యూట్ల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చాలా మోడళ్లలో అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా బండి కదలదు. ఆ సంగతి తెలియక పెద్ద బ్యాటరీయే పోయిందని కంగారు పడటం, బండిని ఊరి చివర దాకా మోసుకెళ్లడం జరిగిపోతాయి.

సర్వీస్ సెంటర్లు ఊరి చివరే ఎందుకు? కారణం అంతుచిక్కనిదేమీ కాదు. గూడ్స్ బండ్లు నిలపాలంటే స్థలం కావాలి. అబిడ్స్, నాంపల్లిలో అంత స్థలానికి అద్దె కట్టడం ఏ డీలర్‌కూ గిట్టుబాటు కాదు. అందుకే కమర్షియల్ వాహనాల వర్క్‌షాపులు మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ లాంటి హైవే దారుల వైపు వెళ్తాయి. పరుగెత్తే లారీకి అది దారిలోనే ఉన్నట్టు. బేగంబజార్, నాంపల్లి మధ్య తిరిగే బండికి మాత్రం 20, 30 కిలోమీటర్ల దూరం. జిల్లాల్లో ఉన్నవాళ్లకైతే ఈ దూరం ఇంకా ఎక్కువ.

తాడు కట్టి లాగొద్దు!

బండి ఆగగానే చాలామంది చేసే మొదటి పని ఇంకో బండికి తాడు కట్టి లాగడం. ఎలక్ట్రిక్ బండి విషయంలో ఇదే పెద్ద పొరపాటు కావచ్చు. చాలా మోడళ్లలో మోటార్ గేర్ల ద్వారా చక్రాలకు నేరుగా కలిసి ఉంటుంది. న్యూట్రల్‌లో పెట్టినా చక్రం తిరిగితే మోటార్ తిరుగుతుంది. కొన్ని రకాల మోటార్లు అలా తిరిగినప్పుడు కరెంటు పుట్టిస్తాయి. దాంతో కంట్రోలర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

అప్పటిదాకా వారంటీలో ఉన్న రిపేరు, "తప్పుగా లాగడం వల్ల జరిగిన డ్యామేజీ"గా మారిపోతుంది. ఓనర్ మాన్యువల్‌లో టోయింగ్ గురించి ఒక పేజీ ఉంటుంది. చాలా బండ్లకు ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్లడమే సురక్షితం. ఆ కిరాయి ఎవరు కట్టాలన్నదే మొదటి పేచీ.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే అక్కడా నిరాశే. మామూలు మోటార్ ఇన్సూరెన్స్ యాక్సిడెంట్, దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివాటికి. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు అది వర్తించదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా తీసుకుని ఉంటేనే టోయింగ్ ఆశ.

బిల్లు సున్నా.. నష్టం 15 వేలు!

వారంటీ అంటే ఏంటి? తయారీ లోపం వల్ల పార్ట్ పాడైతే కంపెనీ ఉచితంగా బాగు చేస్తుంది, లేదా మారుస్తుంది. అంతవరకే. చాలా వారంటీ బుక్‌లెట్లలో ఒక వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. బండి ఆగిపోవడం వల్ల పోయిన ఆదాయానికి, ఇతర నష్టాలకు కంపెనీ బాధ్యత వహించదన్నది దాని సారాంశం.

ఒక లెక్క వేసుకుందాం. ఒక ఓనర్ కమ్ డ్రైవర్‌కు చార్జింగ్ ఖర్చు పోగా రోజుకు 1,200 రూపాయలు మిగులుతుందనుకుందాం. కంట్రోలర్ పాడైంది. పార్ట్ వేరే రాష్ట్రం నుంచి రావాలి. పది రోజులు పట్టింది. టోయింగ్‌కు 3,000 అయింది. పార్ట్ వారంటీలోనే వచ్చింది కాబట్టి సర్వీస్ సెంటర్ బిల్లు సున్నా. కానీ ఆ ఓనర్‌కు పోయింది 12,000 ప్లస్ 3,000.. మొత్తం 15,000. నెల తిరగ్గానే ఈఎంఐ మాత్రం ఆగదు. బండి వర్క్‌షాపులో ఉందని ఫైనాన్స్ కంపెనీ వాయిదా వేయదు. రోజూ సరుకు ఇచ్చే షాపు ఓనర్ పది రోజులు ఎదురుచూడడు. వేరే బండి మాట్లాడుకుంటాడు. ఆ కిరాయి మళ్లీ దొరుకుతుందన్న గ్యారెంటీ లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కంపెనీ వారంటీ ఇస్తుంది. కానీ సర్వీస్ సెంటర్‌లో పార్ట్ స్టాక్ లేకపోతే, ట్రైనింగ్ పొందిన టెక్నీషియన్ సెలవులో ఉంటే, క్లెయిమ్‌కు పైనుంచి అప్రూవల్ రాకపోతే ఆ వారంటీ కాగితం మీదే ఉంటుంది.

సర్వీస్ ఆలస్యం చిన్న విషయమేం కాదని ఎలక్ట్రిక్ స్కూటర్ల అనుభవం ఇప్పటికే చూపించింది. 2024 అక్టోబర్‌లో ఓలా ఎలక్ట్రిక్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ షోకాజ్ నోటీసు ఇచ్చింది. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద 10 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. స్కూటర్ ఆగితే ఆఫీసుకు మెట్రోలో వెళ్లొచ్చు. గూడ్స్ బండి ఆగితే ఆఫీసే మూతపడినట్టు.

పెద్దవాళ్లకు లేని కష్టం.. చిన్న ఓనర్‌కే ఎందుకు?

ఇదే సిటీలో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. 2019లో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులను ఎయిర్‌పోర్ట్ రూట్లలో మొదలుపెట్టింది. మియాపూర్, కంటోన్మెంట్ డిపోల నుంచి అవి నడిచాయి. ఆ బస్సులను ఆర్టీసీ కొనలేదు. గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్ పద్ధతిలో తీసుకుంది. అంటే బస్సు కాంట్రాక్టర్‌దే, మెయింటెనెన్స్ కాంట్రాక్టర్‌దే. తిరిగిన కిలోమీటర్లను బట్టి ఆర్టీసీ డబ్బులిస్తుంది.

అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ బస్సు ఆగితే కాంట్రాక్టర్‌కే నష్టం. అందుకే టెక్నీషియన్ డిపోలోనే ఉంటాడు, రిపేరు బస్సు దగ్గరికే వస్తుంది. చిన్న ఓనర్ దగ్గర బండి ఆగితే నష్టం మొత్తం అతనిదే. అది రెండు రోజులు ఆగినా, ఇరవై రోజులు ఆగినా కంపెనీకి పడే భారం ఒక పార్ట్ ఖరీదే. మరి తొందరపడాల్సిన అవసరం ఎవరికుంటుంది?

పెద్ద ట్రక్కుల విషయంలో కేంద్రం కొంత జాగ్రత్త పడింది. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఎలక్ట్రిక్ ట్రక్కులకు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. సుమారు 5,600 ట్రక్కులకు సాయం, ఒక్కో దానికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం. దాంతోపాటు కంపెనీ వారంటీని తప్పనిసరి చేసింది.

- బ్యాటరీకి 5 ఏళ్లు లేదా 5 లక్షల కిలోమీటర్లు
- వాహనానికి, మోటార్‌కు 5 ఏళ్లు లేదా 2.5 లక్షల కిలోమీటర్లు

ఏది ముందైతే అది. మంచి షరతే. కానీ ఇది 3.5 టన్నులు దాటిన ఎన్2, ఎన్3 కేటగిరీ ట్రక్కులకే. అబిడ్స్ గల్లీల్లో తిరిగే చిన్న బండి ఈ లెక్కలోకి రాదు. ఇంకో విషయం.. ఈ వారంటీని కొలిచేది ఏళ్లలో, కిలోమీటర్లలో. బండి ఎన్ని రోజులు వర్క్‌షాపులో ఉండొచ్చన్నది ఆ కొలతలో లేదు.

దగ్గర్లోని మెకానిక్ ఎందుకు ముట్టుకోకూడదు?

దీనికి రెండు వైపులా వాదనలున్నాయి. కంపెనీలు చెప్పేది భద్రత గురించి. ఆ మాటను కొట్టిపారేయలేం. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న హోటల్ భవనంలో మంటలు చెలరేగి 8 మంది చనిపోయారు. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో నగరానికి తెలుసు. హై వోల్టేజ్ ప్యాక్‌ను ట్రైనింగ్ లేనివాళ్లు విప్పడం ప్రాణాలకే ముప్పు. పైగా సీల్ తీస్తే వారంటీ పోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

కానీ ఎర్రర్ కోడ్ చదవడానికి, 12 వోల్టుల బ్యాటరీ మార్చడానికి, వైరింగ్ కనెక్టర్ సరిచేయడానికి కూడా 30 కిలోమీటర్లు ఎందుకు వెళ్లాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టొద్దని చెప్పింది. ఆ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. అందులో ఆటోమొబైల్ రంగం ఉంది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో అయితే 2020 నవంబర్‌లో ఓటర్లే తీర్పిచ్చారు. బండి పంపే రిపేరు డేటా ఓనర్‌కు, అతను ఎంచుకున్న గ్యారేజీకి కూడా అందాలని ఓటేశారు. బ్యాటరీని అందరూ విప్పాలని ఎవరూ అడగడం లేదు. తప్పు ఎక్కడుందో తెలుసుకునే హక్కు అడుగుతున్నారు. ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంది.

చట్టం ఎవరి వైపు?

"ఇది కమర్షియల్ బండి. మీరు వినియోగదారుడే కాదు" అనే జవాబు వస్తే చాలామంది ఓనర్లు వెనక్కి తగ్గుతారు. ఇక్కడే అసలు విషయం తెలుసుకోవాలి.

లాభం కోసం వ్యాపార అవసరాలకు కొన్న వస్తువులకు వినియోగదారుల చట్టం వర్తించదన్నది నిజం. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాటికి అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దీన్ని ఆటో, ట్రక్కు ఉదాహరణలతోనే వివరించింది. ట్రక్కు కొని తానే నడుపుకునే వ్యక్తి వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హక్కు పోదు. అయితే బండి కొని పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపిస్తే మాత్రం వినియోగదారుడు కాడు. అంటే డ్రైవింగ్ సీట్లో ఎవరు కూర్చుంటున్నారన్నదే కీలకం.

రెండో విషయం దూరం. పాత చట్టంలో కంపెనీ లేదా డీలర్ ఉన్నచోట, లేదంటే వివాదం పుట్టినచోట కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం దీన్ని మార్చింది. ఫిర్యాదుదారుడు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. సర్వీస్ సెంటర్ ఏ జిల్లాలో ఉన్నా, కంపెనీ హెడ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు. హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉండేది నాంపల్లి ఎంజే రోడ్డులోని చంద్రవిహార్‌లో. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లే దూరం!

ఫీజు కూడా భారం కాదు. వస్తువు కోసం చెల్లించిన మొత్తాన్ని బట్టి ఇలా ఉంటుంది.

- 5 లక్షల వరకు: ఫీజు లేదు
- 5 లక్షల నుంచి 10 లక్షల వరకు: 200 రూపాయలు
- 10 లక్షల నుంచి 20 లక్షల వరకు: 400 రూపాయలు
- 20 లక్షల నుంచి 50 లక్షల వరకు: 1,000 రూపాయలు

లోపం సరిచేయమని, బండి మార్చమని, డబ్బు వాపసు ఇవ్వమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. అవసరమైతే లోపాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించొచ్చు. అలాంటి పరీక్ష అక్కర్లేని కేసును మూడు నెలల్లో, కావాల్సిన కేసును ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా ఎక్కువ టైమ్ పట్టే కేసులూ ఉంటాయి. సమస్య మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలన్నది మరవొద్దు.

డీలర్‌తో పాటు తయారీ కంపెనీని కూడా ఫిర్యాదులో చేర్చడం ముఖ్యం. డీలర్ చేసిన ప్రతి తప్పుకూ తయారీ కంపెనీ దానంతట అదే బాధ్యత వహించదని 2021లో టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి తప్పు ఏంటో విడివిడిగా రాయాలి.

బండి ఓనర్లు ఏం చేయాలి?

కొనే ముందు:
- రేటు కంటే ముందు అడగాల్సింది.. దగ్గర్లోని సర్వీస్ సెంటర్ ఎక్కడ? అక్కడ ఎలక్ట్రిక్ బండి చేసే టెక్నీషియన్ ఉన్నాడా? ఒకసారి స్వయంగా వెళ్లి చూస్తే ఇంకా మంచిది.
- బ్రేక్‌డౌన్ అయితే టోయింగ్ ఎవరిది? ఎన్ని కిలోమీటర్ల వరకు ఫ్రీ? నోటిమాట కాదు, కాగితం మీద తీసుకోవాలి.
- బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు? వారంటీ కార్డులో ఆ అంకె ఉందో లేదో చూడాలి.
- ఓవర్‌లోడ్, నీళ్లు చేరడం, బయటి చార్జర్ వాడటం, అదనపు లైట్ల కోసం వైర్లు కత్తిరించడం.. ఏయే కారణాలతో వారంటీ పోతుందో చదవాలి. చినుకు పడితే చెరువయ్యే రోడ్లున్న సిటీలో నీళ్ల షరతు చాలా ముఖ్యం.

బండి ఆగినప్పుడు:
- డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్, కిలోమీటర్ల రీడింగ్, చార్జింగ్ శాతం కనిపించేలా వీడియో తీయాలి.
- కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోవాలి. అదే విషయం వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో కూడా రాయాలి.
- బండి అప్పగించేటప్పుడు తేదీ, టైమ్, సమస్య రాసి ఉన్న జాబ్ కార్డ్ తప్పక తీసుకోవాలి. జాబ్ కార్డ్ లేకపోతే బండి ఎన్ని రోజులు ఆగిందో నిరూపించడం కష్టం.
- టోయింగ్ రసీదు, ఈఎంఐ స్టేట్‌మెంట్, అంతకుముందు నెలల కిరాయి వివరాలు దాచుకోవాలి. నష్టపరిహారం అడగడానికి ఇవే ఆధారాలు.
- స్పందన లేకపోతే 1915కు ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆ తర్వాత కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు దాఖలు చేసే వీలుంది.

మారాల్సింది ఏంటి?

ట్యాక్స్ మినహాయింపు బండిని రోడ్డు మీదకు తెస్తుంది. దాన్ని రోడ్డు మీద ఉంచేది సర్వీస్. ప్రోత్సాహకాలు ఇచ్చే ప్రభుత్వాలు కంపెనీల నుంచి మూడు హామీలు అడగొచ్చు. బ్రేక్‌డౌన్ ఫిర్యాదు వచ్చాక ఎన్ని గంటల్లో టెక్నీషియన్ బండి దగ్గరికి వస్తాడు? ఎన్ని రోజుల్లో రిపేరు పూర్తవుతుంది? ఆ గడువు దాటితే స్టాండ్‌బై బండి ఇస్తారా, రోజుకు ఇంత అని పరిహారం ఇస్తారా?

ఇదేమీ అసాధ్యం కాదు. ఊరి చివర పెద్ద వర్క్‌షాపు అక్కడే ఉండనివ్వొచ్చు. అబిడ్స్, నాంపల్లి, బేగంబజార్ లాంటి బండ్లు ఎక్కువగా తిరిగే చోట్లకు ల్యాప్‌టాప్, కొన్ని స్పేర్ పార్టులతో ఒక మొబైల్ సర్వీస్ వ్యాన్ వచ్చినా చిన్న సమస్యలు అక్కడికక్కడే తేలిపోతాయి. బస్సు ఆగితే కాంట్రాక్టర్‌కు నష్టం వచ్చేలా ఆర్టీసీ రాసుకున్న ఒప్పందంలో కిటుకు ఉంది. బండి ఆగిన ప్రతి రోజుకూ కంపెనీ జేబు నుంచి కొంత పోతుందంటే సర్వీస్ సెంటర్ దానంతట అదే దగ్గరికి వస్తుంది.

అప్పటిదాకా చిన్న ఓనర్ చేతిలో ఉన్నవి రెండే. ఒకటి జాబ్ కార్డ్. రెండోది నాంపల్లిలోని కమిషన్ తలుపు. సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉన్నా, ఆ తలుపు మాత్రం దగ్గరే ఉంది.